గిద్దలూరులో అడుగులేని కుండలు

మేం గిద్దలూరు వెళ్లి వచ్చామని చెబితే మా తెనాలిలో ఎవరూ "ఎలా ఉంది?" అని అడగలేదు. "ఎందుకు?" అని అడిగారు. కాశీకి వెళ్లొచ్చినవాళ్లను అలా అడగరు. కుండల కోసం వెళ్లామని చెబితే ఇంకా చిత్రంగా చూశారు. ఎందుకంటే మా వీధి చివరే కుమ్మరి ఇల్లుంది. గుమ్మంలో నిలబడి కేకేస్తే కుండ నడిచొచ్చినట్టు వస్తుంది.

ఈ ప్రయాణానికి మూలం నేను తెచ్చిన సత్తు గిన్నెలు. ఈ అల్యూమినియంవి ఇప్పుడు అందరిళ్లలోకీ వస్తున్నాయిగా, నేనూ నాలుగు కొన్నాను. తేలిక, కింద పడ్డా పగలవు, తోమితే తళతళలాడతాయి. మా అత్తగారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంట్లో అందరం బాగానే ఉన్నాంగా, ఆస్పత్రి గిన్నెలెందుకే?" అన్నారు. ఆ తరవాత కొన్నాళ్లకే ఆవిడ పెరుగు తోడుపెట్టుకునే పాత మట్టి దుత్త బీటవారింది. దాన్ని ఎవరూ పగలగొట్టలేదు. వయసైపోయి దానంతటది పోయింది. కానీ ఇంట్లో ఇద్దరు కోడళ్లం ఉన్నప్పుడు ఏ వస్తువూ దానంతటది పోయినట్టు లెక్కకు రాదు.

ఆ దుత్త గిద్దలూరుది. మా మామగారు బతికున్న రోజుల్లో, పెళ్లైన కొత్తలో, అక్కడి రైల్వే స్టేషన్లో పనిచేశారట. అక్కడి కుమ్మరి చేసిన దుత్తలో పెరుగు గడ్డకట్టి రాయిలా ఉంటుందట. మా వీధి కుమ్మరి దుత్తలో మాత్రం నీళ్లోడుతుందట. "నేనే వెళ్లి తెచ్చుకుంటాను" అని ఆవిడ మూట కట్టారు. మా ఆయన సెలవు దొరకదన్నారు. మా మరిది అసలు ఇంట్లోనే దొరకలేదు. గిన్నెలు తెచ్చినదాన్ని కాబట్టి తోడు వెళ్లే శిక్ష నాకు పడింది.

గుంటూరు దాటాక

గుంటూరులో ఎక్కిన చిన్న పట్టాల రైలు ఎవరికీ తొందర లేదన్న నమ్మకంతో నడిచింది. కొంతదూరం మిరప, పొగాకు చేలు కనిపించాయి. వినుకొండ వెనక పడ్డాక చేలు తగ్గి రాళ్లు ఎక్కువయ్యాయి. దొనకొండ వచ్చేసరికి ఆ రాళ్లు కూడా ఎండకు విసుగెత్తినట్టు కనిపించాయి. నేల ఎండుతున్నకొద్దీ మా అత్తగారి మొహం వికసించసాగింది.

"చూశావా, ఎంత తేటగా ఉందో!" అన్నారు.

తేటగా ఉన్నమాట నిజమే. చూపుకు అడ్డం రావడానికి ఒక్క చెట్టన్నా లేదు.

మా ఎదురుగా తర్లుపాడులో దిగే పెద్దాయన కూర్చున్నాడు. తెల్లటి తలపాగా, చేతిలో వేయించిన వేరుశనక్కాయల పొట్లం. మాకూ పెట్టి, "తినండమ్మా, చెనిక్కాయలు" అన్నాడు. కొత్త రాష్ట్రం వచ్చాక ఈ జిల్లా ఎలా ఉందని అడిగాను. పత్రికలు చదివేదాన్నని చూపించుకోవాలని నా సరదా.

"ఏం చెప్పేదమ్మా! కర్నూలు రాజధాని అయినాదని సంబరపడితిమి. మా కర్నూలు జిల్లాలోనే గదా అని. మా తర్లుపాడోళ్లకు అది కనపడే లోపలే హైదరాబాదుకు ఎత్తకపోయినారు. మాకు వాన గూడ అట్లనే. వచ్చినాదంటారు, బయటికొచ్చి సూస్తే పోయింటాది."

మేం ఎందుకు పోతున్నామో తెలుసుకుని చాలాసేపు మమ్మల్నే చూశాడు. "మీ తెనాలిలో మట్టి ల్యాదా?"

"మట్టి ఉందండీ. కుండ కావాలన్న బుద్ధి ఆ మట్టికి లేదు" అన్నారు మా అత్తగారు.

పెద్దాయన తలపాగా సర్దుకున్నాడు. "మా జిల్లా మట్టి కోసరం రైలెక్కి వచ్చినోళ్లను ఇప్పుడే సూస్తి" అని, మిగిలిన చెనిక్కాయల పొట్లం మొత్తం మా చేతిలో పెట్టి దిగిపోయాడు.

గిద్దలూరు

మా అత్తగారి పాత స్నేహితురాలు, స్టేషన్లో పనిచేసి రిటైరైన ఒకాయన భార్య, మాకు దిగడానికి చోటిచ్చింది. పొద్దున్నే ఫలహారం మాత్రం బజారు హోటల్లో తిన్నాం. ఉగ్గాని అన్నారు. చూస్తే మన మరమరాలే. ఇక్కడ బొరుగులంటారు. నీళ్లలో తడిపి, పిండి, ఉప్మాలాగా తాలింపు వేసి పెట్టారు. పక్కన మిరపకాయ బజ్జీ ఒకటి. గుంటూరు జిల్లావాళ్లం, మాకు కారమంటే భయమా అనుకుని ధైర్యంగా కొరికాను. తరవాత కాసేపు నాకు గిద్దలూరు కనిపించలేదు.

కుమ్మరి వీధి ఊరి చివర, సగిలేరు ఒడ్డున ఉంది. ఏరంటే ఏరే, కాకపోతే అందులో ఇసక పారుతోంది. వీధిలో చాలా ఇళ్ల ముందు సారెలు లేవు. ఆ ఇళ్ల మగవాళ్లు కొందరు మార్కాపురం పలకల గనులకు, కొందరు పెంకుల బట్టీలకు పోయారట. మా అత్తగారికి తెలిసిన కుమ్మరి కాలం చేసి చాన్నాళ్లయింది. ఆయన కొడుకు కొండయ్య మాత్రం ఇంటి ముందు సారె తిప్పుతూ కనిపించాడు. నలభై దాటిన మనిషి, మెలితిప్పిన మీసం. మా అత్తగారు ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"టేషను పెద్దమ్మా! నేను నిక్కరు లేకుండ తిరిగేటప్పుడు సూసినావు నన్ను!"

"ఇప్పుడు పంచె కట్టావు కాబట్టి ఆనవాలు పట్టలేకపోయాన్రా" అన్నారు ఆవిడ, ఎంతో ఆప్యాయంగా.

వాకిట్లో వరసలు వరసలుగా కుండలు ఆరబెట్టి ఉన్నాయి. కడవలు, దుత్తలు, పప్పు వండుకునే దాకలు. మా అత్తగారు సంబరంగా ఒక దుత్తను ఎత్తి చూశారు. లోపలినుంచి ఆవిడ కాళ్లు కనిపించాయి.

"ఒరే, దీనికి అడుగేదిరా?"

ఇంకోటి ఎత్తారు. దానికీ లేదు. ఆ వాకిట్లో ఉన్న ఏ కుండకూ అడుగు లేదు.

కొండయ్య మీసం మీద చెయ్యి వేసుకుని, "అడుగు పుట్టింటికి పోయింది పెద్దమ్మా" అన్నాడు.

సంగతేమిటంటే, సారె మీద కుండకు మూతి, మెడ, భుజాలు మాత్రమే వస్తాయి. అడుగు తెరుచుకునే ఉంటుంది. సగం ఆరాక ఒక చేత్తో లోపల గుండ్రాయి ఆనించి, రెండో చేత్తో బయటినుంచి చెక్కతో తట్టితట్టి మట్టిని సాగదీసి అడుగు మూయాలి. అప్పుడే కుండ ఉబ్బి పెద్దదవుతుంది. ఆ ఇంట్లో ఆ పని కొండయ్య భార్య నరసమ్మది. ఆమె అలిగి పుల్లలచెరువు అవతల ఉన్న పుట్టింటికి వెళ్లిపోయింది.

"తట్టేదే గదా. అదేమన్నా విద్దెనా? నేనూ తట్టినా" అంటూ కొండయ్య తాను తట్టిన కుండలు చూపించాడు. ఒకటి ఒక పక్కకు ఒరిగి ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టుంది. ఇంకోదానికి చెక్క దూసుకుపోయి చిల్లు పడింది. మూడోది బాగానే ఉందే అనుకుంటుంటే, దాన్ని గోడకు ఆనించి పెట్టాడని తెలిసింది.

"ఎందుకు అలిగింది?"

"సిలవరు బిందె కావాలంట!"

మేం సత్తు అనేదాన్నే వీళ్లు సిలవరు అంటారు. మా అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"నువ్వే సెప్పు పెద్దమ్మా. కుమ్మరోని పెండ్లాము సిలవరు బిందె నెత్తిన పెట్టుకోని బజారెంట పోతే, నా కడవలు కొనేదెవురు? మీ ఇంట్లో మీరే వాడరు, మాకేల అంటారు గదా?"

మా అత్తగారు వెంటనే అతని పక్షం చేరిపోయారు. "మంచి పని చేశావురా! ఎక్కడుందది? నేను వెళ్లి నాలుగు చీవాట్లు పెట్టి తీసుకొస్తాను. నువ్వూ రా."

"నేను రాను. నేను పోతే తప్పు నాదైతాది" అని మళ్లీ సారె ముందు కూర్చున్నాడు. ఇంకొక అడుగులేని కుండ లేచింది.

ఆ వాకిట్లో నా పక్షం మనిషి ఒకతి ఉండేదని తెలిసి నాకు లోలోపల సంతోషంగా ఉంది. బయటికి మాత్రం తల ఊపాను.

మార్కాపురం మీదుగా

వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాం. మార్కాపురం రోడ్డు స్టేషన్ పేరుకు తగ్గట్టు రోడ్డు మీదుంది. మార్కాపురం మాత్రం జట్కా ఎక్కితే గాని రాదు. దారి పొడుగునా పలకల బండలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. చిన్నప్పుడు నేను అఆలు దిద్దిన పలక ఇక్కడి కొండలోదేనని అప్పుడు తెలిసింది. ఆ వయసులో తెలిసుంటే ఈ ఊరిమీద కోపం పెంచుకుని ఉండేదాన్ని.

మార్కాపురం నుంచి బస్సు. టిక్కెట్టు కూర్చోవడానికని కొన్నాం. తోయడం దానికింద కలిసే ఉందని ఒక మిట్ట దగ్గర తెలిసింది. ఆడవాళ్లను దిగనక్కర్లేదన్నారు. మా అత్తగారు మాత్రం దిగి, తోసేవాళ్లకు ఎలా తోయాలో చెప్పారు. గొర్రెలు అడ్డమొచ్చినప్పుడల్లా డ్రైవరు బస్సు ఆపి, కాపరితో కుశలప్రశ్నలు వేశాడు. ఎవరూ విసుక్కోలేదు. మా వైపైతే ఈపాటికి కండక్టరు మీదికి నలుగురు లేచేవారు. ఇక్కడ ఆ నలుగురూ కాపరి గొర్రెల ధర అడుగుతున్నారు.

"మగతోడు లేకుండ యాడికి పోతుండారక్కా?" అని పక్కనావిడ నన్ను అడిగింది.

"అలిగిన ఒకామెను తీసుకురావడానికి."

"మీకేమైతాది?"

"ఏమీ కాదు."

ఆమె తన మూట దగ్గరికి లాక్కుంది. మమ్మల్ని గురించి ఏదో నిర్ణయానికి వచ్చిందని మాత్రం అర్థమైంది.

పుల్లలచెరువు అవతల

ఊరి పేరులో చెరువుంది. మేం వెళ్లినప్పుడు ఆ చెరువు ఆ పేరులో మాత్రమే ఉంది. అక్కణ్నుంచి అడవి అంచు పల్లెకు ఎద్దులబండిలో వెళ్లాం.

నరసమ్మ నాయన వీరయ్యది కుమ్మరి కులమే. కానీ ఆ ఊళ్లో మట్టి తడపడానికి నీళ్లు దొరక్క సారె పక్కన పడేసి మేకలు పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడి మంచం వాల్చాడు. కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చాడు. మా ఇంట్లోలాగా నేను ధారగా పోసుకోబోతుంటే మా అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. చూస్తే కాళ్లు కడుక్కునే చోట సొరపాదుంది. నీళ్లు అందులోకే పోవాలి. మొహం కడిగిన నీళ్లకు వేరే పళ్లెం ఉంది. దాని పక్కన ఒక మేక నిలబడి నేను మొహం ఎప్పుడు కడుక్కుంటానా అని చూస్తోంది.

జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి, పలచటి మజ్జిగ పెట్టారు. బియ్యపన్నం లేదని వీరయ్య నొచ్చుకుంటూ ఉంటే మేం తింటూనే ఉన్నాం. మూడో రొట్టెకు ఆయన నొచ్చుకోవడం మానేసి ఆశ్చర్యపోసాగాడు. ఈ సందట్లో ఆ మేక వచ్చి మా అత్తగారి తమలపాకుల కట్ట నమిలేసింది. ఆకు లేకపోతే ఆవిడకు పూట గడవదు. "అయ్యో, ఈడ ఆకు దొరకదే!" అని వీరయ్య మేకను కొట్టబోతే, "వద్దులే, అదన్నా పచ్చగా ఏదో ఒకటి చూసింది" అన్నారు. ఆవిడ మేకను క్షమించారంటే నీరసంగా ఉన్నారన్నమాట.

నరసమ్మ వచ్చింది. పొడగరి, బలమైన భుజాలు, కొంచెం కుంటుతోంది. మేమెవరమో, ఎందుకు వచ్చామో విని, ఒక కడవ నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని నీళ్లకు బయల్దేరింది. మొగుడితో పోట్లాడి, నీళ్ల బిందె కోసం అలిగి, ఆమె వచ్చిపడింది ఇంకా నీళ్లు లేని ఊరికి.

"నేనూ వస్తా పద, దారిలో మాట్లాడుకుందాం. చంకలోది ఇలా ఇవ్వు. నేను మాత్రం చిన్నప్పుడు మొయ్యలేదా?" అన్నారు మా అత్తగారు. ఆవిడ చిన్నప్పుడు మోసింది కాలవ మెట్ల మీదినుంచి వాకిలి దాకా. నేను ఖాళీ చేతులతో వెనకాల నడిచాను.

వెళ్లేటప్పుడు కడవ ఖాళీ కాబట్టి చీవాట్లు బాగా సాగాయి. మొగుడి పరువు, కులవృత్తి, మట్టి కుండ చలవ, సత్తు చేటు, అన్నీ వచ్చాయి. నరసమ్మ అన్నిటికీ "ఊ" అంది. చేల మధ్యనుంచి, వాగు దిగి, ఎక్కి, రాళ్ల గుట్ట పక్కనుంచి పోతే బావి. బావి లోతు చూసి నాకు కళ్లు తిరిగాయి. నరసమ్మ చేదతో తోడి రెండు కడవలూ నింపింది.

తిరుగుదారిలో మా అత్తగారు నిండు కడవ చంకనెత్తుకుని గుట్ట దాకా వచ్చి ఆగారు. ఒక రాయి మీద కూర్చున్నారు. లేచి, కొంచెం నడిచి, ఇంకో రాయి చూసుకున్నారు. చీవాట్లు ఎక్కడ ఆగాయో నేను గమనించలేదు. వాగు దగ్గర కడవ ఒరిగి సగం నీళ్లు చీర మీద ఒలికాయి. ఒలికిన నీళ్లను నరసమ్మ చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ కడవ తన చంకలోకి తీసుకుంది.

"ఆ కాలికేవైందే?" అన్నారు మా అత్తగారు, వాగు గట్టున ఒక రాయి మీద కూలబడి.

నరసమ్మ చెప్పింది. "సగిలేట్లో ఇసక తోడిన సెలమ కాడినుంచి నీళ్లు తెస్తుంటి పెద్దమ్మా. గట్టెక్కేటప్పుడు జారి పడితి. మోకాలు సీరుకపోయి నెత్తర కారతాంది. కుంటుకుంటా ఇంటికి పోతి. మీ కొండయ్య సారె కాన్నుంచి తల ఎత్తి ఏమన్నాడో తెలుసునా?"

"ఏమన్నాడు?"

"'కడవ పగిలినాదా?' అన్నాడు."

నరసమ్మ నెత్తిన కడవ సర్దుకుంది.

"అదేంది, కాలు అడగవా అంటి. 'కాలు కనపడతానే ఉండాది గదా, కడవ కనపడలే, అందుకని అడిగినా' అన్నాడు. సిలవరు బిందె అడిగినానని ఊరంతా సెప్పినాడు. ఇది మాత్రం సెప్పింటాడా?"

"చెప్పలేదు" అన్నారు మా అత్తగారు. చెంగుతో మొహం తుడుచుకుని లేచారు. "పదవే. మార్కాపురంలో ఆ బిందేదో నేను కొనిస్తాను."

నా చెవులను నేను నమ్మలేదు. నరసమ్మ కూడా సంతోషించలేదు. "నువ్వేల కొనియ్యాల? నేనేమన్నా అడుక్కుంటినా?"

మా అత్తగారికి ఎదురుమాట చెప్పినవాళ్లు మా ఇంట్లో ఇంతవరకు లేరు. ఆవిడ ఆమెను కొత్తగా చూశారు. "సరే, బేరం మాట్లాడదాం" అన్నారు. "నాకు దుత్త ఒకటి, పప్పుదాక ఒకటి, నీళ్ల కడవ ఒకటి కావాలి. అడుగులున్నవి. కుండలో భుజాలు వాడివి, అడుగు నీది. సగం పని నీది. ఇన్నాళ్లూ నీ సగానికి ఎవరైనా డబ్బులిచ్చారా?"

"నాకెందుకిస్తారు? ఆయప్పకే ఇస్తారు."

"ఈసారి వాడికి ఇవ్వను. నీ సగానికి బిందె. వాడి సగం సంగతి వాడూ నేనూ చూసుకుంటాం. ఇది కూలి, దానం కాదు."

నరసమ్మ రెండు కడవలతో అలాగే నిలబడి ఆలోచించింది. నెత్తిన బరువుతో అంతసేపు ఆలోచించగలగడం ఎలాగో నాకు తెలియదు. "దుత్త ఎంత పెద్దది కావాల?" అంది చివరికి.

మార్కాపురం బజారు

బజారులో ఒక పాత్రల దుకాణంలో బిందెలు గొలుసుకు వేలాడుతున్నాయి. నరసమ్మ ఒక్కోదాన్ని దింపించి, వేళ్ల కణుపులతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. శెట్టిగారు చిన్నబుచ్చుకున్నాడు.

"అమ్మా, అది కుండ గాదు. పగిలిందేమోనని సూస్తాండావా?"

"మోగేదేదైనా మోగిచ్చే కొనాల" అని నరసమ్మ అన్నిటినీ మోగించింది. బజారులో పోయేవాళ్లు గుడి గంటలనుకుని చూశారు. చివరికి సొట్టలేని గుండ్రటి బిందె ఒకటి ఎంచుకుంది.

బేరం మా అత్తగారిది. ఆవిడ బేరమాడటం నేను చాలా చూశాను గాని, అంత హృదయపూర్వకంగా ఆడటం ఎప్పుడూ చూడలేదు. మామూలుగా బేరంలో వస్తువును నిందించేవాళ్లకు మనసులో అది కావాలనే ఉంటుంది. ఈవిడకు నిజంగానే అసహ్యం. "ఇదీ ఒక బిందేనా? రంగు చూడు, జ్వరమొచ్చినవాడి నాలికలాగా! దీంట్లో నీళ్లు మనుషులు తాగుతారా? చింతపండు తగిలితే చస్తుంది. ఊరికే ఇచ్చినా మా గుమ్మంలోకి రానివ్వను" అని ఒక్కొక్క మాటా కడుపులోంచి అంటుంటే, శెట్టిగారు తన సరుకు మీద తనకే నమ్మకం తగ్గినవాడిలా ధర దించుతూ పోయాడు. "ఇన్ని తిట్టి మళ్లీ కొంటాండావేందమ్మా?" అన్నాడు డబ్బులు తీసుకుంటూ.

"నాకు కాదు" అన్నారు ఆవిడ, పౌరుషంగా.

తరవాత తమలపాకుల కొట్టు దగ్గర ఒక మోపు కొన్నారు. మేకలు లేని చోట చూసి నిలబడ్డారు.

మళ్లీ గిద్దలూరు

రైల్లో నరసమ్మ బిందెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గిద్దలూరులో దిగాక మొదట దాన్ని చెంగుతో కప్పుకుంది. కుమ్మరి వీధి మొదట్లో ఆగి, చెంగు తీసి, బిందె నెత్తిన పెట్టుకుని నడిచింది. ఎండకు అది వీధంతా మెరిసింది. ఒక్కొక్క గుమ్మంలోంచీ ఒక్కొక్క తల బయటికొచ్చింది. వాళ్లలో ఆడవాళ్లు బిందెను చూశారు, మగవాళ్లు కొండయ్య వాకిలి వైపు చూశారు.

కొండయ్య సారె ఆపాడు. పెళ్లాన్ని చూశాడు, బిందెను చూశాడు, చివరికి మా అత్తగారిని చూశాడు.

"నువ్వా పెద్దమ్మా! నువ్వే ఇట్ల సేస్తివా?"

"నేనేరా. దాని అడుగుల కూలి అది. ఇక నీ భుజాల కూలి ఎంతో చెప్పు" అన్నారు ఆవిడ.

నరసమ్మ బిందె తీసుకుని సగిలేట్లోకి దిగింది. నీళ్లతో వచ్చి ఇంటి మూలనున్న పెద్ద మట్టి బానలో పోసింది. మళ్లీ వెళ్లింది. బాన నిండేదాకా తిరిగింది. కొండయ్య సారె ముందు కూర్చున్నాడే గాని సారె తిరగలేదు. ఈలోపు గుమ్మాల్లోని తలలు మనుషులై వాకిట్లోకి చేరాయి. ఒక ముసలాయన నవ్వుతూ, "ఏంరా కొండా, ఇంగ నువ్వు గూడ సిలవరు సేస్తావా?" అన్నాడు.

కొండయ్య మొహం కందిపోయింది. అందరూ చూస్తుండగా లేచాడు. బిందెను తంతాడేమోనని నేను భయపడ్డాను. బాన దగ్గరికి పోయి ముంతతో నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, "మోసేది ఏందైతే ఏముందిలే! తాగేది నా బానలోయే గదా. సల్లగుండాయి" అన్నాడు.

ఆ మాట మీద పరువు నిలబడింది. నరసమ్మ అప్పటికే గుండ్రాయి, చెక్క పట్టుకుని కుండల మధ్య కూర్చుంది. కానీ ఆ వాకిట్లో ఆరిన కుండలన్నీ గట్టిపడిపోయాయి. ఇక అవి సాగవు. ఆమె ఒక్కొక్కదాన్నీ నొక్కి చూసి విసిరి గుంతలో పడేసింది. నీళ్లలో నానబెట్టి మళ్లీ మట్టి చేయాల్సిందే. అన్ని రోజుల తన పని గుంతలో పడుతుంటే కొండయ్యే గుంతలో నీళ్లు పోశాడు.

మర్నాడు కొత్త కుండలు సారె దిగాయి. కొంచెం ఆరాక ఆమె తట్టసాగింది. తప్, తప్, తప్. చేతి కింద మట్టి పలచబడి, గుండ్రబడి, అడుగు మూసుకుంటుంటే పిల్లను జోకొడుతున్నట్టుంది. మేం అరుగు మీద కూర్చుని చూస్తున్నాం. సారె తిప్పుతున్న కొండయ్య, సారె వైపే చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"కాలు ఎట్లుండాది?"

చప్పుడు ఆగింది. ఆమె తలెత్తలేదు. "నయమైంది" అంది. మళ్లీ తప్, తప్.

మా అత్తగారు మొహం అటు తిప్పుకుని, నా జడ సరిగా లేదని నన్ను కోప్పడ్డారు.

కుండలు ఆరడం, ఆవంలో పేర్చి కాల్చడం, చల్లారడం, ఇదంతా అయ్యేదాకా ఉండిపోయాం. ఇంటినుంచి రెండు కార్డులు వచ్చాయి. రెండింటిలోనూ మా క్షేమం తరవాత, ఆవకాయ జాడీ ఎక్కడుందని అడిగారు. ఆవం తీసిన రోజు నరసమ్మ మూడు కుండలు ఏరి, మోగించి, మా అత్తగారి ముందు పెట్టింది. దుత్త ఎర్రగా, నున్నగా, అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది. కొండయ్య తన సగానికి డబ్బు పుచ్చుకున్నాడు. పుచ్చుకుంటూ పక్కకు చూసి, "ఆమెకియ్యండి, నాకేల" అని గొణిగాడు. నరసమ్మ వెంటనే చెయ్యి చాపింది.

తెనాలి

గడ్డిలో చుట్టి, గోనె కుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. దుత్త, దాక క్షేమంగా చేరాయి. కడవ మాత్రం మూతి దగ్గర కాస్త పెచ్చూడింది. గుంటూరులో రైలు మారేటప్పుడు ఒకాయన దాన్ని మోడా అనుకుని కూర్చోబోయాడు. మా అత్తగారి అరుపుకు సగంలో లేచాడు గాని, ఆ సగానికే అంత పనైంది.

ఇంటిల్లిపాదీ మూగారు. కుండలను చూసి మా ఆయన, "ఇవి మన వీధి చివర కూడా..." అని మొదలుపెట్టి, వాళ్లమ్మ మొహం చూసి ఆపేశారు. మా తోడికోడలు రాజ్యం దుత్తను తిప్పి చూసి మెచ్చుకుంది. "ఇన్నాళ్లున్నారు, చాలా పోసి ఉంటారే! ఏమిచ్చారత్తయ్యా వీటికి?"

"సత్తు బిందె ఇచ్చాను" అన్నారు మా అత్తగారు.

రాజ్యం కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. మా ఆయన నవ్వారు. ఆ రోజు ఎక్కడినుంచో దొరికిన మా మరిది కూడా నవ్వాడు. రాజ్యం గోడమీదుగా పక్కింటావిడను పిలిచి, "మా అత్తయ్య గిద్దలూరు వెళ్లి హాస్యాలు నేర్చుకొచ్చారండీ!" అని చెప్పింది. ఆవిడా వచ్చి అడిగింది. మా అత్తగారు మళ్లీ అదే నిజం, అదే గొంతుతో చెప్పారు. ఆవిడ పడీపడీ నవ్వి, ఇంకో నలుగురిని తీసుకొచ్చింది.

చివరికి అందరూ నా వైపు తిరిగారు. "నిజమేనండీ, మార్కాపురంలో కొన్నాం. బేరం కూడా అత్తయ్యే ఆడారు" అన్నాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. అత్తాకోడళ్లు ఒక్క మాట మీద నిలబడటం మా వీధిలో ఎవరూ చూసి ఎరగరు. అందుకే నమ్మలేకపోయారు.

ఇంట్లో నోటితో చెబితే లాభం లేదని తేలింది కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇలా రాయవలసి వచ్చింది.